20 లక్షల ఫోటోలు డేటాబేస్‌లో పెట్టాలా, ఫైళ్లుగా ఉంచాలా?

ముందు మీ ప్రశ్నని నా మాటల్లో చెప్తాను, సరిగ్గా అర్థమైందో లేదో మీకూ తెలుస్తుంది. దాదాపు 20 లక్షల ఫోటోలు, ఒక్కోటి సగటున 300 కేబీ. వెనకాల పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. అందులో 3 లక్షలు ఇప్పటికే బైటియా (ఫైల్ బైట్లని అలాగే దాచే టైప్) కాలమ్‌లో వేసేశారు. మిగతావి కూడా అక్కడే పెడితే సిస్టమ్ స్లో అవుతుందా, లేకపోతే ఫోటోలన్నీ డిస్క్ మీద ఫైళ్లుగా పెట్టి టేబుల్‌లో పాత్ (ఫైల్ ఎక్కడుందో చెప్పే దారి) మాత్రం రాసుకోవాలా అన్నది మీ సందేహం.

మీ లెక్కకి ఫైళ్లే సరైనవి. అయితే స్పీడ్ కోసం కాదు. ఈ విషయంలో అందరూ స్పీడ్ గురించే కొట్టుకుంటారు గానీ, చాలా ఏళ్లు ఇలాంటి సిస్టమ్‌లు నడిపాక నేను ముందు చూసేది వేరు. డిస్క్ పోయిన రోజు మీ సైట్ మళ్లీ ఎన్ని గంటలకి లేస్తుంది? నిర్ణయం దాన్ని బట్టి తీసుకోండి.

లెక్క వేద్దాం. 20 లక్షల ఫోటోలు, ఒక్కోటి 300 కేబీ అంటే 600 జీబీ. పేరు, తేదీ, సైజు, ఎవరు ఎక్కించారు లాంటి వివరాలకి ఒక్కో రో (టేబుల్‌లో ఒక వరస) 500 బైట్లు అనుకుంటే మొత్తం 1 జీబీ. ఇండెక్స్‌లు కలిపితే రెండో మూడో అవుతుంది, అంతే. సెకనుకి 100 ఎంబీ చొప్పున కాపీ అయితే 600 జీబీకి గంటా నలభై నిమిషాలు పడుతుంది, అదీ మధ్యలో ఏ ఆటంకమూ రాకపోతే. 3 జీబీ అయితే అర నిమిషం. ఫోటోలు బయట ఉంటే, ముందు డేటాబేస్ లేపి సైట్ తెరిచేసి, ఫోటోలు వెనక నుంచి నింపుకుంటూ పోవచ్చు. కాసేపు కొన్ని బొమ్మలు ఖాళీగా కనిపిస్తాయి, జనం తిట్టుకుంటారు, కానీ లాగిన్ అవుతారు, పని జరుగుతుంది. ఫోటోలు లోపల ఉంటే ఆఖరి ఫోటో వచ్చేదాకా ఏదీ లేవదు.

ఇది నాకు పుస్తకాల్లో తెలిసిన సంగతి కాదు. ఒకచోట 400 జీబీ పోస్ట్‌గ్రెస్ ఉండేది, తొంభై ఐదు శాతం స్కాన్ చేసిన కాగితాలే. ఒక సాయంత్రం మాలో ఒకడు ఏ రోలు మార్చాలో చెప్పే వేర్ క్లాజ్ మర్చిపోయి అప్‌డేట్ కొట్టాడు. పాడైంది ఒక చిన్న టేబుల్, మహా అయితే 40 ఎంబీ. కానీ సరిగ్గా ఆ నిమిషానికి ముందు ఎలా ఉందో అలా కావాలంటే బేస్ బ్యాకప్ (మొత్తం డేటాబేస్ కాపీ) తెచ్చి, దాని మీద వ్యాల్ లాగ్‌లు (ప్రతి మార్పునీ వరసగా రాసుకునే ఫైళ్లు) ఆడించాలి. ఆ పద్ధతిలో ఒక్క టేబుల్ తెచ్చుకోవడం కుదరదు, క్లస్టర్ మొత్తం, అంటే ఆ సర్వర్‌లోని డేటాబేస్‌లన్నీ రావాల్సిందే. 40 ఎంబీ కోసం 400 జీబీ పక్క మెషీన్ మీదికి ఎక్కించుకుంటూ తెల్లవారుజాము దాకా కూర్చున్నాం. ఆ రాత్రి టెన్షన్ తర్వాత పెద్ద ఫోటోలు డేటాబేస్‌లో పెడదామని నా ముందు ఎవరు అన్నా సరే, రీస్టోర్ ఎంతసేపు పట్టిందో కొలిచారా అని అడుగుతున్నాను.

స్పీడ్ మాట పూర్తిగా వదిలేయను, ఎందుకంటే అందులోనూ జనం అనుకునేదానికీ నిజానికీ తేడా ఉంది. డేటాబేస్ అంటేనే స్లో అనేది తప్పు. 2006లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వాళ్లు సరిగ్గా ఈ ప్రశ్న మీదే ఒక రిపోర్ట్ రాశారు, రాసినవాళ్లలో డేటాబేస్ పరిశోధనలో పెద్ద పేరున్న జిమ్ గ్రే ఒకరు. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2005 డేటాబేస్‌నీ, విండోస్ ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌నీ పోల్చి చూస్తే 256 కేబీ కంటే చిన్నవాటికి డేటాబేస్ మేలనీ, 1 ఎంబీ దాటితే ఫైల్ సిస్టమ్ మేలనీ తేలింది. మధ్యలోవాటికి ఎన్నిసార్లు చదువుతారు, ఎన్నిసార్లు మార్చి రాస్తారు అన్నదాన్ని బట్టి. ఒకే ఫైల్‌లో ఉండే చిన్న డేటాబేస్ ఎస్‌క్యూలైట్ చేసేవాళ్లయితే 10 కేబీ థంబ్‌నెయిల్స్‌తో (చిన్న సైజు బొమ్మలతో) కొలిచి, విడివిడి ఫైళ్ల కంటే తమ డేటాబేస్ 35 శాతం వేగంగా చదువుతుందని చూపించారు. కారణం సింపుల్. ప్రతి ఫైల్‌కీ ఓపెన్, క్లోజ్ అని ఆపరేటింగ్ సిస్టమ్ తలుపు తట్టాలి. డేటాబేస్ ఫైల్‌ని ఒక్కసారి తెరిస్తే చాలు. కాబట్టి ఐదు, పది కేబీల సంతకాలు, ప్రొఫైల్ బొమ్మలు, మ్యాప్ టైల్స్ లాంటివైతే నేనూ డేటాబేస్‌లోనే పెడతాను. మ్యాప్ టైల్స్‌కి ఎంబీటైల్స్ అనే ఫార్మాట్ ఉంది, అది లోపల అచ్చంగా ఒక ఎస్‌క్యూలైట్ ఫైలే.

మీ సగటు 300 కేబీ అన్నారు. సగటు చూసి మోసపోకండి. ఫోన్ కెమెరా ఫోటోలు 4, 5 ఎంబీ ఉంటాయి. చిన్నవి వేలకొద్దీ ఉండి పెద్దవి కొన్నే ఉన్నా, బరువంతా ఆ పెద్దవాటిదే. సైజు ప్రకారం ఎన్నెన్ని ఉన్నాయో ఒక క్వెరీ కొట్టి చూసుకోండి.

ఇక పోస్ట్‌గ్రెస్ లోపల 300 కేబీ ఫోటోకి ఏమవుతుందో చూడండి. పోస్ట్‌గ్రెస్ పేజీ 8 కేబీ. రో సుమారు 2 కేబీ దాటితే పెద్ద కాలమ్‌ని టోస్ట్ అనే పక్క టేబుల్‌లోకి, దాదాపు 2 కేబీ ముక్కలుగా కోసి పెడుతుంది. అంటే ఒక ఫోటోకి 150 ముక్కలు. మీ 20 లక్షల ఫోటోలకి 30 కోట్ల రోలు, వాటి మీద ఇండెక్స్. అంతకు ముందు దాన్ని కుదించడానికి కూడా ప్రయత్నిస్తుంది. జేపెగ్ అప్పటికే కుదించి ఉంటుంది కాబట్టి ఆ శ్రమ వృథా. ఆ కాలమ్ స్టోరేజ్‌ని ఎక్స్‌టర్నల్ అని మారిస్తే ఆ ఒక్కటీ తప్పుతుంది. రాసిన ప్రతి బైటూ వ్యాల్‌లో ఇంకోసారి పడుతుంది, అక్కణ్నుంచి ప్రతి రెప్లికాకీ (డేటాబేస్ నకలు ఉండే సర్వర్‌కీ), లాగ్ ఆర్కైవ్‌కీ వెళ్తుంది. చదివేటప్పుడు ఫోటో మొత్తం మెమరీలోకి వస్తుంది, ముందు డేటాబేస్‌లో, తర్వాత డ్రైవర్‌లో, ఆ తర్వాత మీ ప్రోగ్రామ్‌లో. ఫోటోలు చూసేవాళ్లు ఎక్కువైతే పోస్ట్‌గ్రెస్ వాడుకునే మెమరీ అయిన షేర్డ్ బఫర్స్‌లో ఉండాల్సిన ఇండెక్స్ పేజీలని ఈ ముక్కలు బయటికి నెట్టేస్తాయి. అప్పుడు స్లో అయ్యేది ఫోటోలు కాదు, వాటితో సంబంధమే లేని మీ సెర్చ్ పేజీ. కారణం ఎక్కడుందో కనిపెట్టడానికి మీకు వారం పడుతుంది.

కాలమ్‌లన్నీ తెచ్చే సెలెక్ట్ స్టార్ అలవాటు ఉన్న టీమ్ అయితే మరీ ఘోరం. లిస్ట్ పేజీలో 50 పేర్లు చూపించడానికి 50 ఫోటోలు మోసుకొస్తారు. ఓఆర్‌ఎమ్ (క్వెరీలు తానే రాసే లైబ్రరీ) వాడేవాళ్లు తెలియకుండానే ఈ పని చేస్తారు. ఏ కారణం చేతనైనా డేటాబేస్‌లోనే పెట్టాల్సి వస్తే, కనీసం ఫోటో బైట్లని విడి టేబుల్‌లో ఉంచండి.

ఫైల్ అయితే వెబ్ సర్వరే నేరుగా పంపిస్తుంది. సెండ్‌ఫైల్ అనే సిస్టమ్ కాల్‌తో కెర్నెల్ డిస్క్ నుంచి నెట్‌వర్క్‌కి తోసేస్తుంది, మీ ప్రోగ్రామ్ మధ్యలో ఉండదు. ఈటాగ్ (ఫైల్ మారిందో లేదో చెప్పే గుర్తు), క్యాషింగ్, మధ్యలో ఆగిన డౌన్‌లోడ్‌ని అక్కణ్నుంచి కొనసాగించడం, ఇవన్నీ ఉచితంగా వస్తాయి. ఫోటో అందరూ చూడకూడదంటే, అనుమతి మీ ప్రోగ్రామ్ చెక్ చేసి, ఇంజిన్‌ఎక్స్ వెబ్ సర్వర్‌కి ఎక్స్-యాక్సెల్-రీడైరెక్ట్ అనే హెడర్ ఇస్తే చాలు, పంపే పని అది చూసుకుంటుంది.

ఇంత చెప్పాక డేటాబేస్ పక్షాన ఉన్న అసలు బలం చెప్పకపోతే అన్యాయం. ట్రాన్సాక్షన్. రో, ఫోటో రెండూ కలిసి పడతాయి, లేదా రెండూ పడవు. ఫైళ్లలోకి వెళ్లగానే ఈ హామీ పోతుంది. రో ఉండి ఫైల్ లేకపోవడం, ఫైల్ ఉండి రో లేకపోవడం, రెండూ జరుగుతాయి. మొదటిది రోగం, రెండోది చెత్త మాత్రమే. అందుకని ఎప్పుడు ఏం తప్పినా చెత్తే మిగిలేలా పని క్రమం పెట్టుకోవాలి.

ఎలాగంటే, ఎక్కించేటప్పుడు ముందు ఫైల్, తర్వాత రో. ఫైల్ కూడా నేరుగా అసలు పేరుతో రాయకండి. అదే డిస్క్ మీద తాత్కాలిక పేరుతో రాసి, ఎఫ్‌సింక్ కొట్టి (డేటా నిజంగా డిస్క్ మీద పడేలా చేసి), అప్పుడు రీనేమ్ చేయండి. ఒకే ఫైల్ సిస్టమ్ లోపల రీనేమ్ అనేది అయితే పూర్తిగా అవుతుంది, లేకపోతే అసలు కాదు, సగం రాసిన ఫైల్ ఎవరికీ కనపడదు. టెంప్ ఫోల్డర్ వేరే డిస్క్ మీద ఉంటే ఈ హామీ ఉండదు, అప్పుడది కాపీ చేసి చెరపడమే. ఇక్కడ చాలామంది దెబ్బతింటారు. తీసేసేటప్పుడు తిరగేయండి: ముందు రో పోవాలి, ఫైల్ ఆ తర్వాత ఏ వారానికో పోవాలి. ఆ వారం ఆలస్యం కావాలని పెట్టుకునేదే, దాని సంగతి బ్యాకప్ దగ్గర చెప్తాను. రో లేని అనాథ ఫైళ్లని వెతికి ఊడ్చే స్క్రిప్ట్ ఒకటి వారానికోసారి నడిస్తే సరిపోతుంది. అది రో పోయి ఇంకా వారం కాని ఫైళ్ల జోలికీ, ఒక రోజు కూడా నిండని ఫైళ్ల జోలికీ పోకూడదు, లేకపోతే రో ఇంకా పడని కొత్త ఫోటోలనీ ఊడ్చేస్తుంది.

బ్యాకప్‌లోనూ క్రమం ముఖ్యం. ముందు డేటాబేస్, తర్వాత ఫైళ్లు. ఫైల్ పడ్డాకే రో పడుతుంది కాబట్టి, డేటాబేస్ కాపీలో ఉన్న ప్రతి రోకీ ఫైల్ డిస్క్ మీద ఉండి తీరుతుంది. ఆ తర్వాత కాపీ చేసే ఫైళ్లలో అదీ వచ్చేస్తుంది. మధ్యలో ఎవరో ఒక ఫోటో తీసేసినా ఫైల్ వారం దాకా కదలదు కాబట్టి పర్వాలేదు. తిరగేసి చేస్తే బ్యాకప్‌లో బొమ్మలు లేని రోలు మిగులుతాయి. ఒకసారి రాసిన ఫోటో ఫైల్ మళ్లీ మారదు కాబట్టి రోజూ కొత్తవి మాత్రమే కాపీ అవుతాయి. అయితే ఫైళ్ల సంఖ్య పెరిగేకొద్దీ కాపీ చేసే ఆర్‌సింక్ టూల్‌కి ఏవి కొత్తవో వెతకడానికే చాలా టైమ్ పడుతుంది. అందుకే థంబ్‌నెయిల్స్‌ని వేరే ఫోల్డర్‌లో పెట్టి బ్యాకప్ నుంచి తీసేయండి. అవి పోతే అసలు ఫోటో నుంచి మళ్లీ చేసుకోవచ్చు. ఫోటోకి మూడు థంబ్‌నెయిల్స్ ఉంటే బ్యాకప్‌లో 80 లక్షల ఫైళ్లు కాస్తా 20 లక్షలవుతాయి.

ఫైల్ పేర్లు. యూజర్ ఇచ్చిన పేరుతో ఎప్పుడూ సేవ్ చేయకండి. రెండు చుక్కలు, స్లాష్ పెట్టి మీ ఫోల్డర్ బయటికి రాయించే పాత ట్రిక్ ఇంకా పనిచేసే సైట్లున్నాయి. తెలుగు పేర్లయితే ఇంకో తంటా. లినక్స్ ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ట్4లో ఫైల్ పేరు 255 బైట్లకి మించకూడదు. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ ఒక్కోటి 3 బైట్లు, అంటే 85 మాత్రమే. ‘శ్రీ’ ఒక్కటే నాలుగు కోడ్‌లు, 12 బైట్లు. పెళ్లి ఆల్బమ్ పేరు పూర్తిగా రాస్తే చాలు, ఎర్రర్ వచ్చేస్తుంది. ఐత్వం గుర్తు ఇంకా తమాషా. యూనికోడ్‌లో అది ఒకే కోడ్‌గానూ ఉంటుంది, ఎత్వం గుర్తూ దాని కింది గుర్తూ విడివిడిగా రెండు కోడ్‌లుగానూ ఉంటుంది. మ్యాక్‌లో పాత ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లని విడదీసి దాచేది. లినక్స్ బైట్లు చూసి పోలుస్తుంది. కంటికి ఒకేలా కనపడే ‘పైరు’ అనే పేరుతో రెండు ఫైళ్లు పక్కపక్కనే ఉండి, మీరు అడిగినది మాత్రం దొరకదు. అసలు పేరుని టేబుల్‌లో ఒక కాలమ్‌లో దాచుకోండి, డిస్క్ మీద మాత్రం షా-256 హ్యాష్‌ని (ఫోటో బైట్ల నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి కోడ్‌ని) పేరుగా పెట్టండి.

హ్యాష్ వల్ల ఫోల్డర్ల సమస్య కూడా తీరుతుంది. మొదటి రెండు అక్షరాలు ఒక ఫోల్డర్, తర్వాతి రెండు దాని లోపలి ఫోల్డర్. 256 ఇంటూ 256, మొత్తం 65,536 ఫోల్డర్లు. 20 లక్షలకి ఒక్కోదాంట్లో 30 ఫైళ్లు, రేపు 2 కోట్లయినా 300. అన్నీ ఒకే ఫోల్డర్‌లో పోసినా ఎక్స్‌ట్4 చచ్చిపోదు, దానికి డైరెక్టరీ ఇండెక్స్ ఉంది. చచ్చేది మనుషులు వాడే టూల్స్. ఫైళ్ల పేర్లు చూపే ఎల్‌ఎస్ కొడితే ముందు మొత్తం పేర్లు చదివి వరసపెట్టాకే ఏదైనా చూపిస్తుంది. అన్నీ చెరిపే ఆర్‌ఎమ్ స్టార్ కొడితే ఆర్గ్యుమెంట్ల లిస్ట్ చాలా పెద్దదని మొహం మీదే తిప్పి కొడుతుంది. ఇంకో లాభం, ఒకే ఫోటో రెండుసార్లు ఎక్కిస్తే డిస్క్ మీద ఒక్కసారే ఉంటుంది. కాకపోతే ఫైల్ తీసేసే ముందు ఆ హ్యాష్ వాడే ఇంకో రో ఉందేమో చూసుకోవాలి.

టేబుల్‌లో పూర్తి పాత్ రాయకండి. హ్యాష్ మాత్రం ఉంటే చాలు, ముందు భాగం కాన్ఫిగ్‌లో ఉండాలి. రేపు డిస్క్ మారినా, అమెజాన్ ఎస్3 లాంటి ఆబ్జెక్ట్ స్టోరేజ్‌కి వెళ్లినా 20 లక్షల రోలు అప్‌డేట్ చేసే పని ఉండదు. రెండో యాప్ సర్వర్ పెట్టాల్సి వచ్చిన రోజున ఎలాగూ ఆబ్జెక్ట్ స్టోరేజ్ గురించి ఆలోచిస్తారు. ఒక్క సర్వర్ ఉన్నంతకాలం మామూలు డిస్క్ చాలు.

ప్రతి ఫైల్‌కీ ఒకటి కావాల్సిన ఐనోడ్ అనే ఎంట్రీ గురించి ఒక హెచ్చరిక. ఎక్స్‌ట్4లో ఎన్ని ఫైళ్లు పట్టాలన్నది ఫార్మాట్ చేసేటప్పుడే నిర్ణయమైపోతుంది. మామూలుగా 16 కేబీకి ఒక ఐనోడ్, అంటే 1 టీబీ డిస్క్‌లో 6.7 కోట్లు, మీకు బోలెడు. కానీ ఒకచోట ఎవరో ఫోటోలంటే పెద్ద ఫైళ్లే కదా అని లార్జ్‌ఫైల్ ఆప్షన్‌తో ఫార్మాట్ చేశారు. అందులో 1 ఎంబీకి ఒక ఐనోడ్, 1 టీబీకి పది లక్షల చిల్లర. థంబ్‌నెయిల్స్‌తో కలిపి ఫోటోకి నాలుగు ఫైళ్లు లెక్కన రెండున్నర లక్షల ఫోటోలకే డిస్క్‌లో చోటు లేదని ఎర్రర్. డిస్క్ ఎంత నిండిందో చూపే డీఎఫ్ కమాండ్ కొడితే నాలుగో వంతు కూడా నిండలేదు. ఐనోడ్‌లు చూపే ఐ ఆప్షన్ పెట్టి చూస్తే వంద శాతం. ఆ నిష్పత్తిని తర్వాత మార్చలేం, మళ్లీ ఫార్మాట్ చేయడమే. మీరు ఈ రోజే ఆ కమాండ్ కొట్టి చూసుకోండి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ అయితే ఐనోడ్‌లని అవసరాన్ని బట్టి పెంచుకుంటుంది, కొత్త డిస్క్‌కి నేను దాన్నే వాడతాను.

ఫైళ్లు కూడా ఒక హద్దు దాకానే. ఫేస్‌బుక్ వాళ్లు 2010లో ప్రచురించిన హేస్టాక్ పేపర్ నాటికి వాళ్ల దగ్గర 26,000 కోట్ల ఇమేజ్‌లు, 20 పెటాబైట్లకి పైగా ఉన్నాయి. పాత పద్ధతిలో ఒక్కో ఫోల్డర్‌లో వేల ఫైళ్లు ఉన్నప్పుడు ఒక ఫోటో చదవడానికి పదికి పైగా డిస్క్ ఆపరేషన్లు పట్టేవట, వందలకి తగ్గించాక మూడు. చివరికి లక్షల ఫోటోలని ఒకే పెద్ద ఫైల్‌లో వరసగా పేర్చి, ఏది ఎక్కడుందో మెమరీలో పెట్టుకుని, ఒక్క ఆపరేషన్‌కి దించారు. మీరు ఆ స్థాయికి రారు, నేనూ రాను. ఎవరైనా వాళ్లలాగే కట్టుకుందామంటే నవ్వి ఊరుకోండి.

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ వాడేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. అక్కడ బ్లాబ్ అనే టైప్‌లో పట్టేది 65,535 బైట్లే. పట్టని డేటాని తిప్పికొట్టే స్ట్రిక్ట్ మోడ్ లేని పాత సెటప్‌లో పెద్ద ఫోటో వేస్తే వార్నింగ్ ఒకటి ఇచ్చి మిగతాది కోసి పారేస్తుంది. పైసగం మొహం, కింద బూడిదరంగు. అలాంటి ఫోటోలు నెలల తరబడి పోగయ్యాక చూసుకున్నవాళ్లని ఎరుగుదును. మీడియంబ్లాబ్ అయితే 16 ఎంబీ దాకా పడుతుంది.

ఇప్పుడు మీ 3 లక్షల సంగతి. సుమారు 90 జీబీ. ఒక్కసారిగా తరలించకండి. టేబుల్‌కి హ్యాష్ కాలమ్ ఒకటి కలపండి, ఈ రోజు నుంచి కొత్త ఫోటోలు ఫైళ్లలోకి వెళ్లేలా మార్చండి. చదివే కోడ్ హ్యాష్ ఉంటే ఫైల్, లేకపోతే బైటియా చూడాలి. పాతవాటిని వెనక నుంచి వెయ్యేసి చొప్పున తీసి ఫైల్‌గా రాసి, డిస్క్ నుంచి మళ్లీ చదివి హ్యాష్ సరిపోతేనే కాలమ్ నింపండి. బైటియాని అప్పుడే చెరపొద్దు. ఫైళ్ల బ్యాకప్ నుంచి ఒకసారి వేరే మెషీన్ మీద పూర్తిగా రీస్టోర్ చేసి చూశాకే చెరపండి. చెరిపినంత మాత్రాన డిస్క్‌లో చోటు తిరిగి రాదు, మామూలు వాక్యూమ్ కమాండ్ ఆ చోటుని పోస్ట్‌గ్రెస్ మళ్లీ వాడుకునేలా మాత్రమే చేస్తుంది. వాక్యూమ్ ఫుల్ కావాలి. అది నడిచినంతసేపు టేబుల్‌ని ఎవరూ చదవలేరు కూడా, కొత్త కాపీకి అదనపు చోటూ కావాలి. అప్పటికి ఫోటోలన్నీ బయటే ఉంటాయి కాబట్టి ఆ కొత్త కాపీ చిన్నదే. రాత్రి పూట కొట్టి, ఉదయానికి డేటాబేస్ సైజు ఎంతకి దిగిందో చూడండి.

అదే హ్యాష్ కాలమ్‌ని తర్వాత కూడా వాడుకోండి. ఎక్స్‌ట్4 ఫైల్ లోపలి డేటాకి చెక్‌సమ్ (పాడైందో లేదో పట్టే లెక్క) పెట్టదు, జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లు పెడతాయి. డిస్క్ నిశ్శబ్దంగా ఒక బిట్ తిప్పేస్తే ఎక్స్‌ట్4లో ఎవరికీ తెలియదు, ఆ పాడైన ఫైలే తర్వాతి పూర్తి బ్యాకప్‌లోకి కూడా వెళ్తుంది. నెలకోసారి ఫైళ్లన్నీ చదివి హ్యాష్ పోల్చే స్క్రిప్ట్ పెట్టుకుంటే, మంచి కాపీ ఇంకా పాత బ్యాకప్‌లో ఉండగానే పట్టుకోవచ్చు. 600 జీబీకి ఇందాకటి లెక్కే, గంటా నలభై నిమిషాలు.